కలసి నేర్వవలసిన విద్య



ఇంజనీరింగు కళాశాలలో చదువుచున్న మనుమడో మనుమరాలో సెలవులకు ఇంటికి వచ్చినపుడు స్ప్రింటనియు, రివ్యూ యనియు, స్క్రమ్ అనియు తోటివారితో ఫోనులో మాటలాడుచుండుట మీలో పలువురు వినియే యుందురు. ఆ మాటల నడుమ నవ్వులు, వాదములు, ఒక్కొక్కప్పుడు అలుకలును ఉండును. పుస్తకము ముందిడుకొని వల్లెవేయుటయే చదువని యెఱిగిన మనకు ఇది చదువువలె తోపదు. ఐదుగురు కూడి ముచ్చటలాడుచు కాలము పుచ్చుచున్నారని అనుమానము కలుగుటయు సహజమే. ఆ మాటల వెనుక నున్న పని యేమో, విశ్వవిద్యాలయములలో దానిని జట్టుగా ఏల నేర్పుచున్నారో, అందు మనవంటి వృద్ధులకు గల పాత్ర యేమో నేడు మనవి చేసెదను.

ఈ విషయము మన కొత్తగూడెమునకు దూరమైనది కాదు. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనినది మొదలుగా ఈ సీమకు గనియే జీవనాధారమైనది. తండ్రి దిగిన గనిలోనే కుమారుడును దిగుట చాలకాలము ఆచారముగా సాగినది. 1990 ప్రాంతమున లక్షకు పైబడియుండిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు అందు సగమునకు తక్కువ. గనుల విద్య కొఱకు 1978లో ఇచట వెలసిన స్కూల్ ఆఫ్ మైన్స్ పిమ్మట కాకతీయ విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలయై కంప్యూటరు శాస్త్రమును గూడ బోధించినది. 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేర భూవిజ్ఞానశాస్త్ర విశ్వవిద్యాలయముగా మాఱినది. గని కార్మికుని బిడ్డ నేడు కంప్యూటరు ముందు కూర్చుండి బ్రతుకుతెరువు వెదకుకొనుచున్నాడు. ఆ విద్య నిజముగా అబ్బుచున్నదా, లేక పట్టా మాత్రమే చేతికి వచ్చుచున్నదా అనునది ఇక్కడ ఇంటింటి ప్రశ్న.

కంప్యూటరు ఏమి చేయవలెనో దానికి తెలియు భాషలో వ్రాసిన ఆజ్ఞల సముదాయమే సాఫ్టువేరు. బ్యాంకులో మీ ఖాతా లెక్క చెప్పునదియు, రైలు టిక్కెట్టు నిచ్చునదియు, గని కార్మికుని జీతపుచీటీని అచ్చువేయునదియు అదియే. పూర్వము దీనిని నిర్మించువారు ఇల్లు కట్టు క్రమమునే అనుసరించిరి. కావలసినవన్నియు మొదట ఒక గ్రంథముగా వ్రాయుదురు. పిదప నమూనా గీయుదురు. పిదప ప్రోగ్రాము వ్రాయుదురు. అంతయు ముగిసిన మీదట పరీక్షించి అప్పగింతురు. నీరు మెట్టు నుండి మెట్టునకు దిగునట్లు పని దిగునేగాని వెనుకకు ఎక్కదు గనుక దీనికి జలపాత పద్ధతియని పేరు వచ్చినది. 1970లో విన్‌స్టన్ రాయిస్ అను అమెరికా దేశపు ఇంజనీరు ఈ క్రమమును బొమ్మగీసి చూపెను. పరీక్ష యంతయు చివరకు నెట్టివేయుట ప్రమాదకరమని ఆ వ్యాసముననే ఆయన హెచ్చరించెను గూడ. లోకము బొమ్మను చూచినదేగాని హెచ్చరికను చదువలేదు.

ఇందలి చిక్కు గని యెఱిగినవారికి సులభముగా బోధపడును. బొగ్గుపొర ఎచట నున్నదో తెలియుటకు పైనుండి దూరదూరముగా బోరుబావులు వేయుదురు. రెండు బోర్లలోను పొర చక్కగా కనబడవచ్చును; కాని ఆ రెంటి నడుమ భూమి విఱిగి పొర క్రిందికి జాఱియుండవచ్చును. దానిని ఫాల్టు అందురు. కొన్ని ఫాల్టులు గ్యాలరీ త్రవ్వుచు అచటికి చేరినపుడుగాని బయటపడవు. అపుడు సర్వేయరు పటమును సవరించును, త్రవ్వకపు దిక్కు మాఱును. మొదటి పటమే వేదమని పట్టుబట్టినచో ఱాతిని త్రవ్వవలసి వచ్చును. సాఫ్టువేరులో ఆ ఫాల్టు భూమిలో కాదు, మనుష్యుని మనస్సులో నుండును. నాకేమి కావలెనో నాకే ముందుగా తెలియదు. కొంత చేసి చూపినపుడే, ఇది కాదు, అట్లు కావలెనని చెప్పగలను. ఇందు తప్పు నాది కాదు, చేయువానిదియు కాదు.

ఈ సత్యమును అనుభవమున తెలిసికొనిన 17 మంది ప్రోగ్రాము నిర్మాతలు 2001వ సంవత్సరము ఫిబ్రవరి 11 మొదలు 13 వఱకు అమెరికాలోని యూటా రాష్ట్రమున స్నోబర్డ్ అను మంచుకొండల విడిదిలో సమావేశమై ఒక ప్రకటన వెలువరించిరి. తమ పద్ధతికి ఎజైల్ అని పేరిడిరి. మన భాషలో లాఘవము గలది యని చెప్పవచ్చును. పరికరములకంటె మనుష్యుల పరస్పర సంభాషణము మేలనియు, దళసరి దస్తావేజులకంటె నడచుచున్న ప్రోగ్రాము మేలనియు, ఒప్పందపు తగవులకంటె పని కోరినవానితో కలసి పాటుపడుట మేలనియు, పథకమును పట్టుకొని వ్రేలాడుటకంటె మార్పునకు తగినట్లు నడచుకొనుట మేలనియు దాని సారాంశము. రెండవ పక్షమున నున్నవియు విలువలేనివి కావని వారు స్పష్టముగా చెప్పిరి. ఆ మాటను నేటి తొందరపాటువారు తఱచు మఱతురు. స్క్రమ్ అనునది ఈ మార్గములలో మిక్కిలి వ్యాప్తి చెందినది. 1986లో తాకెయుచి, నొనాకా అను ఇద్దఱు జపాను పండితులు వ్రాసిన వ్యాసమున రగ్బీ ఆటగాండ్ర పోలికతో ఆ మాట వచ్చినది. జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ అనువారు దానిని సాఫ్టువేరునకు అన్వయించి 1995లో ఒక మహాసభయందు వివరించిరి. చరిత్ర ఇంత చాలును.

ఇక పద్ధతి. దృష్టాంతము లేనిదే శాస్త్రము నిలువదు గనుక ఒక దృష్టాంతము కల్పించి చెప్పెదను. ఐదుగురు విద్యార్థుల జట్టు ఒకటి. వారికి పని కోరువాడు ఒక వృద్ధ రైతు. కోరిక యేమనగా, ధాన్యము కొనుగోలు కేంద్రమున తన వంతు ఎప్పుడు వచ్చునో ముందుగా తెలియవలెను. వంతు తెలియక ట్రాక్టరు కిరాయికి తెచ్చి, కుప్ప పోసి, వాన మబ్బులను చూచుచు రేయింబవళ్లు కావలి యుండు బాధ మీకు నేను వర్ణింప నక్కఱలేదు.

విద్యార్థులు ఉత్సాహవంతులు. వారి మనస్సున మొదట మెదలునది రంగురంగుల బొమ్మలతో, రహస్యసంకేతములతో, పటములతో కూడిన గొప్ప యంత్రాంగము. పాతపద్ధతిలోనైనచో నాలుగు మాసములు దానినే చేసి చివరకు తెచ్చి చూపుదురు. ఎజైల్ పద్ధతిలో ముందుగా రైతు వద్ద కూర్చుండి చిన్నచిన్న చీటీలు వ్రాయవలెను. ఒక్కొక్క చీటీపై మూడు సంగతులే యుండును: కోరువాడెవడు, కోరునదేమి, అది యెందులకు. "ధాన్యము తెచ్చు రైతునకు తన వంతు ముందునాడే తెలియవలెను, తెలిసినచో ట్రాక్టరు కిరాయి వ్యర్థము కాదు." ఇట్టి చీటీని యూజర్ స్టోరీ అందురు. చీటీలన్నియు ఒక పట్టికగా పేర్చి ఏది ముందు, ఏది వెనుక యని నిర్ణయింపవలెను. ఆ నిర్ణయాధికారము గలవాడు జట్టులో ఒక్కడే. వాడు పని కోరినవాని పక్షమున నిలిచి మాటలాడును. పిదప రెండు వారముల గడువులో పూర్తిచేయగలిగినన్ని చీటీలు మాత్రమే తీసికొని పనికి దిగుదురు. ఆ గడువే మీరు ఫోనులో విన్న స్ప్రింటు.

రెండు వారములు గడచును. చిన్నదైనను నడచు ప్రోగ్రామునే రైతునకు చూపవలెను. చేయబోవుదానిని వర్ణించినచో చెల్లదు. జట్టువారు వంతుల పట్టికను పెద్ద ఫోనులో ముచ్చటగా చూపుదురు. రైతు తన జేబులోని చిన్న ఫోను తీసి, "ఇందులో మాట వినబడును, సందేశము వచ్చును, బొమ్మలు రావు నాయనా!" అనును. అంతటితో బొమ్మల చీటీలన్నియు పట్టిక అడుగునకు పోయి, సందేశము పంపు చీటీ పైకి వచ్చును. రెండు వారముల శ్రమలో కొంత వృథాయైనది. నాలుగు మాసముల శ్రమ దక్కినది.

రెండవ ప్రదర్శనమున ఇంతకంటె లోతైన సంగతి బయటపడును. ధాన్యమున తేమ నూటికి 17 పాళ్లకు మించరాదని నియమము. వంతు వచ్చిన రైతు ధాన్యము 19 పాళ్లు చూపినది. ఇప్పుడేమి చేయవలెను? ప్రోగ్రాము అతనిని వరుస చివరకు త్రోసివేయును, ఏలయన విద్యార్థులు అట్లే వ్రాసిరి. వృద్ధుడు ఒప్పుకొనడు. ఒకపూట ఎండబోసిన ఆఱిపోవు గింజకు పది దినముల శిక్షయా యని అడుగును. అతని స్థానము నిలిపి, వెనుకవానిని ముందు తూచి, ఆఱినవెంటనే ఇతనిని పిలువవలెను. ఈ న్యాయము ఏ పాఠ్యపుస్తకమునను లేదు. మొదటినాడు వారు వందప్రశ్నలు అడిగినను రైతు దీనిని చెప్పియుండడు, ఏలయన అతనికి అది అడుగదగిన సంగతియే కాదు. అన్యాయము కన్నులయెదుట కనబడినపుడే న్యాయము జ్ఞప్తికి వచ్చును. మూడవ ప్రదర్శనము నాటికి గోనెసంచులు రానిచో వరుసయంతయు ఏమగునను ప్రశ్న పుట్టును. ఇట్లు ప్రతి ప్రదర్శనము ఒక్కొక్క ఫాల్టును బయటపెట్టును. అవధానమున నిషిద్ధాక్షరి యెట్లు నడచునో పెద్దలెఱుగుదురు: పృచ్ఛకుడు ఏ అక్షరమును నిషేధించునో ముందు తెలియదు, ఒక్కొక్క నిషేధమును దాటుచునే పద్యము పూర్తికావలెను. ముందుగా వ్రాసి తెచ్చిన పద్యము అచట పనికిరాదు.

ఈ చీటీల బరువు తూచుటకు వారొక వినోదము పాటింతురు. ప్రతివాని చేతను సంఖ్యలు గల పేకముక్కలు ఉండును. ఒక చీటీ చదివి, ఈ పని యెంత పెద్దదని తోచినదో ఆ ముక్కను అందఱు ఒక్కమాఱే బయటపెట్టుదురు. ఒకడు 3, వేఱొకడు 13 చూపినచో ఇద్దఱును తమ కారణములు చెప్పవలెను. బెదరుపోతు సైతము పెద్దవాని నోరు చూచి మాటలాడ నవసరము లేకుండ చేసిన యుక్తి యిది. ఆ ముక్కలపై సంఖ్యలు సాధారణముగా 1, 2, 3, 5, 8, 13 అని యుండును. పాశ్చాత్యులు ఈ వరుసను 1202లో గ్రంథము వ్రాసిన ఫిబొనాచ్చి పేర పిలుతురు. ఛందస్సు చదివినవారికిది పాతచుట్టమే. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. రెండు మాత్రలకు ప్రస్తారభేదములు 2, మూడు మాత్రలకు 3, నాలుగింటికి 5, ఐదింటికి 8, ఆఱింటికి 13. విరహాంకుడును, 12వ శతాబ్దమున హేమచంద్రుడును ఈ లెక్కను చెప్పియేయుండిరి. పని పెద్దదగుకొలది మన అంచనా మోటగును గనుక సంఖ్యల నడుమ దూరమును పెరుగుట ఇచట ఉచితము. పిల్లలు పేకాట ఆడుచున్నారని కోపించుటకు ముందు ముక్కలపై ఏమున్నదో చూడుడు!

ప్రతిదినము పదునైదు నిమిషములు అందఱు నిలుచుండియే మాటలాడుకొనుట మఱియొక నియమము. ఏమి ముగిసినది, ఏమి చేయబోవుచున్నాము, అడ్డమేమున్నది. షిఫ్టు మాఱునపుడు దిగువాడు ఎక్కువానిని అడిగి తెలిసికొనునట్టిదే యిది. స్ప్రింటు ముగిసిన పిమ్మట జట్టువారు మాత్రమే కూడి, పని జరిగిన తీరును గూర్చి చర్చింతురు. నీవు చెడగొట్టితివని వేలుచూపక, ఎచట చెడినది, మఱల చెడకుండ ఏమి మార్చవలెనని అడుగుకొందురు. నా అభిప్రాయమున మొత్తము పద్ధతిలో మిక్కిలి కష్టమైన భాగమిదియే. ఇరువదియేండ్లవారికి తోటివాని యెదుట తన పని సగమే యైనదని చెప్పుట ఎంత సంకటమో బడిలో ఏండ్లు గడపినవారికి తెలియును.

ఇట్టి విద్యను గద్దెపై నిలిచి ఉపన్యసించి నేర్పజాలము. ఈత గట్టున నేర్వరాదు గదా! అందుచే విశ్వవిద్యాలయములు జట్టుపనిని పాఠ్యక్రమమున చేర్చుచున్నవి. 1998లో స్థాపింపబడిన హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో రెండవ సంవత్సరపు విద్యార్థులే జట్లుగా ఏర్పడి, నిజముగా సాఫ్టువేరు కావలసినవారిని కలిసికొని, విడతలు విడతలుగా చేసి యిచ్చు పాఠ్యాంశము కలదు. పలు కళాశాలలలో మాత్రము ఈ పని నాలుగవ సంవత్సరమునకు వాయిదాపడును. అపుడు ఉద్యోగపు పరీక్షలు, వీడ్కోలు సంబరములు ఒకదానిపై ఒకటి వచ్చిపడును.

అచటనే దొంగదారి తెఱచుకొనుచున్నది. కొంత సొమ్ము చెల్లించినచో ప్రోగ్రాము, నివేదిక, ప్రశ్నలకు జవాబులు అన్నియు సిద్ధముగా అమ్మువారు నగరములో కలరు. కాలికో అట్టవేసిన నివేదిక బల్లపైకి వచ్చును, మార్కులును వచ్చును. ఆ సొమ్ము ఎవరిది? ఓవర్‌టైము చేసిన తండ్రిది, ధాన్యమమ్మిన తాతది. కొన్న ప్రాజెక్టులో చిన్న ఫోను గల రైతు లేడు, 19 పాళ్ల తేమ లేదు, అలుకలు లేవు. ఉద్యోగమున చేరిన మొదటి వారమున, నీవు చేసిన పని మాఱినపుడు ఏమి చేసితివని అడిగినచో ఆ బిడ్డ నోట మాట రాదు. పైగా నేడు కృత్రిమమేధ యను యంత్రమే ప్రోగ్రామును చాలవఱకు వ్రాసిపెట్టుచున్నది. వ్రాయుట చౌకయైనది, ఏమి వ్రాయవలెనో మనుష్యుని యడిగి తెలిసికొనుట మాత్రము చౌక కాలేదు. కొని తెచ్చిన ప్రాజెక్టులో పోగొట్టుకొనునది సరిగా ఆ రెండవ విద్యయే.

జట్టుపనిలో న్యాయముగా మార్కులు వేయుట ఉపాధ్యాయునకు గొప్ప తలనొప్పి. ఇద్దఱు పాటుపడగా ముగ్గురు నీడన కూర్చుండుట కలదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించిన గిట్ అను సాధనమున ఏ పంక్తిని ఎవరు ఏనాడు వ్రాసిరో చిట్టావలె నమోదగుచుండును. దానిని తెఱచి చూచినచో సోమరి దొరకును. కాని పంక్తులు లెక్కించి మార్కులు వేయుటయు అవివేకమే. కేంద్రమునకు పోయి ఎండలో నిలిచి తేమ సంగతి కనిపెట్టిన అమ్మాయి పేర ఆ చిట్టాలో ఒక్క పంక్తియు ఉండకపోవచ్చును. జట్టులోని ఆడుపిల్లలకు నివేదిక వ్రాయు పనిని, మగపిల్లలకు ప్రోగ్రాము వ్రాయు పనిని పంచుకొను దురాచారము మఱియొకటి. స్ప్రింటు స్ప్రింటునకు పనులు చేతులు మాఱవలెనని గురువు కట్టడిచేసినచో ఇది తగ్గును.

అన్నిటికిని ఈ పద్ధతియే మందని నేను చెప్పను. గనిలో త్రవ్వకపు దిక్కు సవరించుకొనవచ్చును; గాలి పంపు ఏర్పాటును, పైకప్పునకు ఆధారమును "పోనుపోను చూచుకొందము" అనరాదు. అట్లే ప్రాణములతో ముడిపడిన యంత్రమును నడపు సాఫ్టువేరునకు ముందస్తు ఆలోచనయు, వ్రాతపూర్వకమైన నిరూపణయు, కఠినపరీక్షయు తప్పవు. ఎజైల్ అను మాటను అడ్డుపెట్టుకొని కాగితము వ్రాయుట మానివేసిన జట్లును కలవు. అది లాఘవము కాదు, బద్ధకము.

ఇక మన పాత్ర. విద్యార్థులకు కంప్యూటర్లు దొరకును, గురువులు దొరకుదురు. మెహర్బానీ లేకుండ ఉన్నది ఉన్నట్లు చెప్పు కోరువాడు దొరకుట అరుదు. తమలో తామే ఒకడు రైతు వేషము వేసికొనినచో అతడు ఎన్నడును కష్టమైన ప్రశ్న వేయడు. పాలకేంద్రపు లెక్క, గ్రంథాలయపు చిట్టా, కొనుగోలు కేంద్రపు వరుస, ఇట్టివానిలో ఏదేని ఒక చిక్కు మీ యూరనున్నచో దగ్గఱి కళాశాలవారికి తెలుపుడు. పక్షమునకు ఒక గంట వారికొఱకు కేటాయించుడు. పిల్లవాడు ఇంటికి వచ్చినపుడు ఎన్ని మార్కులని కాక, ఈ పక్షమున ఎవరికి ఏమి చూపితివి, వారేమనిరి, దానికి నీవేమి మార్చితివి అని అడుగుడు. పని తానే చేసినవాడు గడగడ చెప్పును, కొనినవాడు తడబడును. ఇందులకు మీకు కంప్యూటరు విద్య యక్కఱలేదు.

కాలము విషయమొకటి చెప్పవలెను. యాసంగి ధాన్యము ఏప్రిల్ మాసమున కేంద్రములకు రాసాగును. జనవరిలో పని మొదలిడిన జట్టు పక్షమునకొక ప్రదర్శనము చొప్పున అప్పటికి ఐదాఱు ప్రదర్శనములు ముగించియుండును. తొలి ట్రాక్టరు కేంద్రమున నిలుచునాటికి వంతుల పట్టిక చేతికి రావచ్చును. మార్చిలో మేలుకొనినచో పరీక్షలును, ధాన్యమును, అకాలవర్షమును ఒక్కమాఱే వచ్చిపడును. కావున సంక్రాంతికి పిల్లలు ఇంటికి వచ్చినపుడే ఆ మాట కదపుడు.